బావగారు పెద్దది చేసిన తలుపు

మా బావగారు పోయారని అక్క ఫోన్ చేసినప్పుడు నేను ఆదివారం ఆరాధనకి వెళ్ళడానికి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాను. "తమ్ముడూ, మీ బావ ఎంత లేపినా లేవట్లేదురా" అంది. నేను పటమటలో వాళ్ళింటికి చేరేసరికి వాకిలి నిండా ఆటోనగర్ మనుషులే. కొందరు పని బట్టలతోనే వచ్చేశారు. ఇద్దరు గోడకానుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నారు. నేను పోతే ఇలా ఎవరు ఏడుస్తారు? నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన అదే. దుఃఖం ఆ తర్వాత వచ్చింది. రాయడానికి సిగ్గుగానే ఉంది గాని, దీన్ని దాచితే ఆయన గురించి నేను రాసేదంతా అబద్ధమవుతుంది.

ఆయన ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే మేస్త్రి. పదో తరగతితో చదువు ఆగిపోయింది. నేను విమానాలు బాగుచేసే లైసెన్సున్న ఇంజినీరుని. మా నాన్నకి గవర్నర్‌పేటలో చిన్న ప్రెస్సు ఉండేది. మెషిను మొరాయిస్తే, పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న నా వైపు చూడకుండానే, "అల్లుడికి కబురెట్టండి" అనేవాడు. బావగారు వచ్చి, వేలి కణుపుతో మెషిన్ని అక్కడా ఇక్కడా తట్టి వినేవారు. ఎవరింటికి వెళ్ళినా అదే అలవాటు, తలుపులూ బీరువాలూ కూడా తట్టేవారు. జేబులో సుద్దముక్క ఎప్పుడూ ఉండాల్సిందే. చొక్కాలన్నిటికీ జేబులు తెల్లబడిపోయాయని అక్క గొణిగేది.

ఉద్యోగం నుంచి రిటైరై విజయవాడ వచ్చేశాక, కంకిపాడు డాక్టరుగారొకరు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఆయన మోజుపడి కొనుక్కున్న పాత చిన్న విమానం ఒకటి గన్నవరంలో షెడ్డులో ఉంది. దాని ఒళ్ళంతా ఉక్కు గొట్టాల పంజరం, పైన బిగించిన గుడ్డ. కారు ప్రమాదంలో ఆయన మోకాలు బిగుసుకుపోయింది. కాలు వంగదు, విమానం తలుపేమో ఇరుకు, దాని గడప ఎత్తు. "నేను ఎక్కగలిగేలా తలుపు పెద్దది చెయ్యగలరా అండీ? లేకపోతే అమ్మెయ్యాల్సిందే" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా మొహంలోకి చూడలేకపోయారు.

తలుపు చట్రం కింద ఉన్న గొట్టం కోసి, దాన్ని కిందికి దించి మళ్ళీ అతకాలి. డిజైను గీయించి, అనుమతి తెప్పించాను. గ్యాసు వెల్డింగులో అంత సన్నని గొట్టాలు అతికే చెయ్యి మాత్రం దొరకలేదు. "మీ బావున్నాడుగా" అంది అక్క. ఎవరైనా అంటారేమోనని భయపడుతున్న మాటే అది.

రూలు ప్రకారం ముందు నమూనా అతుకులు పరీక్షించాలి. ఆయన చేత మూడు చేయించి, లాగి విరగ్గొట్టే పరీక్షకి పంపాను. అవి అతుకు దగ్గర విరిగితే బాగుండునని మనసులో కోరుకున్నాను. మూడూ గొట్టం దగ్గరే విరిగాయి. అతుకులు చెక్కుచెదరలేదు.

కోసే రోజు నేను, గుడ్డ విప్పేసిన చోట గొట్టం మీద గీత గీసి, "కానివ్వండి" అన్నాను. ఆయన పంజరాన్ని తట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూశారు.

"ఇది గుమ్మం కాదు బావమరిదీ, దీని నడుం. తలుపు ఖాళీలో అడ్డంగా ఒక జాకీ పెట్టి కోద్దాం."

"కింద స్టాండ్లున్నాయిగా బావగారూ. డ్రాయింగులో జాకీ లేదు."

"కొయ్యడం ఎవడైనా కోస్తాడయ్యా. కోసేముందు బరువు ఎటు పోతుందో చూసుకోవాలి."

"ఇది బస్సు కాదండీ" అన్నాను.

నేను భోజనానికి వెళ్ళొచ్చేసరికి, స్క్రూ జాకీ తగిలించిన పైపు ఆ ఖాళీలో అడ్డంగా ఉంది. వేలితో తిప్పితే తిరిగేంత వదులుగానే పెట్టారు. తీసెయ్యమనడానికి నోరు రాలేదు. కోశారు. కోత పూర్తవగానే పైపు కిర్రుమంది. వెళ్ళి స్క్రూ తిప్పబోయాను. రెండు చేతులతో తిప్పినా కదల్లేదు. అది లేకపోతే పంజరం వంగిపోయేది. డాక్టరుగారి విమానమూ, నా పరువూ రెండూ ఆ పైపు మీద నిలబడ్డాయి.

సాయంత్రం డాక్టరుగారు వచ్చి దాన్ని చూసి, "ఇదేంటండీ, ఎవరి ఐడియా?" అన్నారు.

"మామూలుగా పెట్టేదేనండీ" అన్నాను నేను.

బావగారు చేతులు తుడుచుకుంటూ, "అవునండీ, మా బావమరిది పెట్టమన్నాడు" అన్నారు.

ఆయన పనితనం మీద ఉన్న అసూయకి ఆ రోజు నుంచి ఆయన మంచితనం మీద అసూయ కూడా తోడైంది. రెండోదే ఎక్కువ బాధపెట్టింది. ఆ తర్వాత నాలుగు రోజులు ఆయన ఒక పక్క కాస్త, ఇంకో పక్క కాస్త అతుకుతూ, మధ్యలో చల్లారనిస్తూ కూర్చున్నారు. తొందరపెడితే, "వేడి మీదున్నప్పుడు ఇనుముతోనైనా, మనిషితోనైనా పెట్టుకోకూడదు" అని నవ్వారు. ఆ రెండో మాట నా గురించేనని నాకు తెలుసు. కొత్త తలుపు మొదటిసారే చట్రంలో ఒదిగి మూసుకుంది. కాగితాల మీద సంతకం మాత్రం నాది.

బావగారి జ్ఞాపకార్థం చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో లేచి నిలబడి జాకీ సంగతి అందరి ముందూ చెప్పాను. డాక్టరుగారు తల వంచుకుని విన్నారు. కూడిక అయ్యాక అక్క నా పక్కన కూర్చుని, "జాకీ సంగతి ఇంట్లో చెప్పలేదురా. 'నా బావమరిది గీసిన గీత మీద కోశాను, వెంట్రుకవాసి తేడా రాలేదు' అని మాత్రం నెలరోజులు చెప్పుకున్నాడు" అంది. నాకు ఏడుపాగలేదు.

ఒక్క సంగతి మాత్రం అక్కడ చెప్పలేకపోయాను. మీకు చెబుతున్నాను. పరీక్షలన్నీ అయ్యాక, డాక్టరుగారు పైలట్‌తో మొదటిసారి ఎగరబోతూ, "ఇంకో సీటుంది, మేస్త్రిగారూ, మీరు రండి" అన్నారు. బావగారు అంతకుముందెప్పుడూ విమానం ఎక్కలేదు. ఆయన నోరు తెరిచేలోపు, "ఇంజినీరు ఉండాలండీ, రూలు" అన్నాను. అలాంటి రూలేమీ లేదు. "వెళ్ళిరా బావమరిదీ" అని ఆయనే నా వెనక తలుపు వేసి, బయటినుంచి ఒకసారి లాగి చూశారు.

పైకి లేచాక కింద కాలువలూ వరిచేలూ కనబడ్డాయి. డాక్టరుగారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొడుతున్నారు. విమానం ఒరిగినప్పుడు షెడ్డు ముందు బావగారు కనిపించారు. నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, మేం ఎటు తిరిగితే అటు తిరుగుతూ, ఎండలో ఒక్కరే నిలబడి ఉన్నారు.