చక్రధర్‌పూర్ వెళ్లిపోయిన ఉరిశిక్ష

ఏ సినిమా ఎలా ముగుస్తుందో టికెట్టు కొనకముందే తెలిసిపోయే ఈ కాలం వాళ్లకి చెప్పినా నమ్మరు గానీ, ఎనభైల్లో మా ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకి వారానికి ఒక్కటే తెలుగు సినిమా. అదీ ఆదివారం పొద్దున్న పదింటి ఆట. మిగతా ఆటలన్నీ హిందీవి, బెంగాలీవి. ఆ ఒక్క ఆటకి తలంట్లు పోసుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, ముసలీ ముతకా అందరం బయల్దేరేవాళ్లం. సినిమా బాగుందా లేదా అన్నది ఇంటికొచ్చాక అన్నాల దగ్గర తేలే విషయం. ఆ సినిమా కూడా మాలాగే రైల్లో వచ్చేది. రెండు రేకు పెట్టెల్లో రీళ్లు (చిన్నదాంట్లో ఆఖరి రీళ్లు మాత్రమే) ఆంధ్రా వైపు బండిలో తెల్లారేసరికి దిగేవి. మా ఆట అయ్యాక సాయంత్రం బండికి చక్రధర్‌పూర్ తెలుగువాళ్ల కోసం వెళ్లిపోయేవి. పెట్టెలు దింపించి హాలుకి చేర్పించే ఘనకార్యం నాది. నేనప్పుడు పార్సెల్ ఆఫీసులో కొత్త గుమాస్తాని. నాన్న పోయాక ఆయన బదులు నాకిచ్చిన ఉద్యోగం. ఇంకా ఖాయం కాలేదు.

ఖాయం చెయ్యమని రాయాల్సింది మా ఆఫీసు పెద్ద, రిమార్కుల మావయ్య. (మేనమామ అనుకునేరు. పక్క క్వార్టరులో ఉండే తెలుగాయన ఎవరైనా మా ఊళ్లో మావయ్యే.) రిజిస్టరులో రిమార్కులు రాసే చివరి గడి ఎప్పుడూ ఖాళీగా వదలడు కాబట్టి ఆ పేరు. రాసింది నిజం కాకపోతే ఆయనకి ముద్ద దిగదు. సొంత బావమరిది ఓ రోజు అరగంట ఆలస్యంగా వస్తే అరగంట అనే రాశాడు. ఆ రిమార్కు పైకి వెళ్లీ వెళ్లీ చివరికి ఆ బావమరిది చక్రధర్‌పూర్ బదిలీ అయిపోయాడు. నా మూడు నెలల గడువు నేను చెప్పబోయే ఆదివారానికి మర్నాడు, సోమవారంతో ముగుస్తుంది. సాయంత్రంలోగా మావయ్య నా గురించి ఒక్క వాక్యం రాయాలి. అమ్మ రోజూ దీపం పెట్టి మొక్కుకునేది ఆ వాక్యం కోసమే.

ఆ ఆదివారం వచ్చింది ఉరిశిక్ష సినిమా. చెయ్యని హత్యకి ఉరి పడిన బడిపంతులు, అన్నని విడిపించడానికి కోర్టుల చుట్టూ తిరిగే చెల్లెలు. మా ఊరి పూరీ గేట్ దగ్గర గోడ మీద ఉరితాడు బొమ్మ అంటించిన దగ్గర్నుంచి ఊళ్లో అదే మాట. బండి దిగిన పెట్టెల్లో పెద్దది తోపుడుబండి మీద పెట్టుకుంటూ కూలీ దాదా, "దూస్రా ఆప్ దేఖియే బాబూ" అని రెండోదాన్ని, ఆ చిన్న పెట్టెని, నన్ను చూసుకోమని వెళ్లాడు. నేను చూడలేదు. నేను చూసింది నా మొహాన్ని. ప్లాట్‌ఫారం మూడో స్తంభం దగ్గర, రంగుదీపాలు వెలిగే తూకం యంత్రానికి ఓ అద్దం ఉండేది. పెట్టెని అక్కడిదాకా ఈడ్చి, దానిమీద దర్జాగా ఓ కాలు వేసి, పాపిడి కుదిరేదాకా దువ్వుకున్నాను. (అప్పట్లో నాకు దువ్వుకునేటంత జుట్టు ఉండేదని మా ఆవిడ కూడా నమ్మదు.) అంతలో మంచి సీట్లు అయిపోతాయని గుర్తొచ్చి, రుమాలు పట్టుకుని హాలుకి పరిగెత్తాను. మూడో స్తంభం దగ్గర ఏది ఉన్నా పొద్దుటి చక్రధర్‌పూర్ బండికి ఎక్కించెయ్యడం మా కూలీల ఆచారం. కాగితం చూడరు, స్తంభం చూస్తారు. ఈ సంగతి మూడు నెలలుగా నాకూ తెలుసు.

సినిమా బ్రహ్మాండంగా నడిచింది. అసలు హంతకుడు నేరం ఒప్పుకున్నాడు, చెల్లెలు కాగితం పట్టుకుని జీపెక్కింది, ఇక్కడ పంతులు మెడకి తాడు వేశారు, తలారి మీట మీద చెయ్యి పెట్టాడు. తెర తెల్లబోయింది. లైట్లు వెలిగాయి. హాలు బాబు తలుపు దగ్గర నిలబడి, "ఔర్ నహీ హై దాదా, ఏక్ హీ బాక్సా ఆయా" అని, వచ్చింది ఒక్క పెట్టేనని చేతులెత్తేశాడు. నాకు మూడో స్తంభం కళ్లముందు కనిపించింది. ఈలలు, కేకలు, కుర్చీల మోత. ఆ గొడవలో రిమార్కుల మావయ్య లేచి, "పెట్టెలు రెండు దిగినాయి. నాను సంతకం ఎట్టినాను. రెండోది ఏటయ్యిందిరా?" అని సూటిగా నావైపు చూశాడు. నేను, పెట్టె తెచ్చి అక్కడే ఉండిపోయిన కూలీ దాదా వైపు చూశాను. పాపం దాదా పైకప్పు వైపు చూశాడు.

అంతటితో పోతే బాగుండేది. మావయ్య వాళ్లమ్మ, మేమంతా మామ్మ అని పిలిచే ఆవిడ, ఇంటికెళ్లి విస్తరి ముందు కూర్చుని లేచిపోయింది. "ఆ గుంటడి మెడకి తాడెట్టి వొగ్గేసినారు. నాను అన్నం ఎలగ తింతానురా? ఉన్నాడో పోనాడో తెలిసినాకే తింతాను" అంది. రాత్రీ తినలేదు. సోమవారం పొద్దున్న చేతికర్ర పట్టుకుని వచ్చి పార్సెల్ ఆఫీసు బల్ల మీద బైఠాయించింది. అప్పటికే చక్రధర్‌పూర్ నుంచి కబురొచ్చింది, కాగితాల్లేని రేకు పెట్టె ఒకటి దిగిందని. రిజిస్టరు నా ఎదురుగానే తెరిచి ఉంది. చివరి గడి ఖాళీ. ఒప్పేసుకుందామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఆవలింతగా మార్చేశాను.

తల్లి పస్తు చూడలేక మావయ్య రైల్వే ఫోను అందుకున్నాడు. అవతల సాక్షాత్తూ ఆ బావమరిది. అది దారిలో ఉన్న స్టేషన్లన్నీ వినగలిగే ఫోను కాబట్టి ఈయన అరుపులకి ఒక్కో స్టేషనూ గొంతు కలిపింది. "బావా, ఆ పెట్టె ఇప్పి సూడు. రీలు ఎండకి పట్టి సూడు. పంతుల్ని ఉరి తీసినారా, లేదా?" అవతలాయన కక్షంతా తీర్చుకున్నాడనుకుంటాను. మావయ్య మాకు వినిపించేలా తిరిగి చెబుతున్నాడు: "తాడు ఉంది... ఇంకా తాడే... జీపు... మళ్లీ తాడు... ఓరి నీ ఇల్లు బంగారం గానూ, బేగి తిప్పరా!" మధ్యలో ఎవరో స్టేషన్‌మాస్టరు, "క్యా హువా దాదా, లట్కాయా క్యా?" అని, ఉరి తీశారో లేదో తేలక ఆత్రపడుతున్నట్టున్నాడు, "రుకియే భాయ్" అని ఆయన్నీ కసిరాడు. మామ్మ కర్ర నేలకి ఆనించి కళ్లు మూసుకుంది. నా ప్రాణం కూడా ఆ రీలుతోనే తిరుగుతోంది. ఉన్నట్టుండి మావయ్య మాట ఆగిపోయింది. చాలాసేపు విన్నాడు. ఒకసారి మామ్మని చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. తర్వాత ఫోనులోకి, "బచ్ గయా భాయ్, బచ్ గయా!" అని అరిచి, "బతికినాడే అమ్మా. సెల్లెలు టయానికి వొచ్చేసింది. ఇంటికెల్లి తిను" అన్నాడు. మామ్మ చేతులు జోడించి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, వేరే కారణానికి.

ఆ సాయంత్రం నా ఉద్యోగం ఖాయమైంది. పంతులు బతికిన సంబరంలో మావయ్య పెట్టె సంగతి మరిచిపోయాడని నేను నమ్మాను. నమ్మడమే కాదు, నా మౌనమే నన్ను కాపాడిందని, నేను మహా గడుసువాణ్నని పదేళ్లు మురిసిపోయాను. ఆ సినిమా మళ్లీ మా ఊరు రాలేదు.

తొంభైల్లో మా ఊరి ఖరిదా బజారులో వీడియో కేసెట్ల కొట్టు తెరిచాక, ఓ సెలవురోజు మధ్యాహ్నం అది దొరికింది. మా ఆవిడకి కథంతా ముందే చెప్పేసి, చివర్లో చెల్లెలు ఎలా వస్తుందో చూడమని ఊరించాను. చెల్లెలు వచ్చింది. తలారి మీట లాగిన తర్వాత వచ్చింది. మా ఆవిడ నావైపు చూసిన చూపు వర్ణించను. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా సైకిలెక్కి, రిటైరై ఇంట్లో ఉంటున్న మావయ్య దగ్గరికి వెళ్లాను. వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. మామ్మ పోయి అప్పటికి చాలాకాలమైంది.

"మావయ్యా, పంతులు సచ్చిపోనాడు!"

"తెలుసురా," అన్నాడు, పేపరు దించకుండానే.

"మరి ఆ రోజు బతికినాడన్నావు? పెట్టె గురించి రిజిస్టరులో ఏటి రాసినావు?"

"నా పొరపాటు వల్ల పెట్టె తప్పు బండికి ఎక్కింది అని రాసినాను. నువ్వు అద్దం కాడ దువ్వుకోడం నాను సూడలేదనుకున్నావా?" పేపరు మడిచి పక్కన పెట్టాడు. "పంతులు పోనాడని సెప్తే మా అమ్మ తిండి తినదు. నువ్వు పోగొట్టినావని రాస్తే మీ అమ్మ తిండి తినదు. ఏటి సెయ్యమంటావు మరి?"

పదేళ్లు ఆలస్యంగా, "తప్పు నాదే మావయ్యా" అన్నాను. ఆ ముక్క అప్పుడే అనుంటే బాగుండేదని ఆయన అనలేదు, "టీ తాగి ఎల్లు" అన్నాడు. సైకిలు నడిపించుకుంటూ తిరిగొస్తుంటే నాకు చాలా సిగ్గేసింది, దానికంటే ఎక్కువ నవ్వొచ్చింది. జన్మలో రెండే అబద్ధాలాడిన ఆ మనిషి, ఆ రెండూ ఒకే రోజు ఆడేశాడు. అందులో ఒకటి ఓ ముసలావిడకి పప్పన్నం పెట్టింది. రెండోదాని పెన్షను ఇప్పుడు నేను తింటున్నాను.