ఒరగని గోడలు

శనివారం ఉదయం ఎనిమిదింటికి కరీంనగర్‌లో ఆదిలాబాద్ బస్సెక్కాను. ఇచ్చోడ దగ్గరి ఒక పల్లెలో తాతల నాటి రాతి చర్చి ఉంది. దాన్ని కూల్చి స్లాబు చర్చి కట్టాలా వద్దా అన్నది ఆదివారం ఆరాధన తర్వాత సంఘం తేల్చుకోబోతోంది. నిలిచి ఉండగానే ఫోటో తీయాలని, ఆ ఫోటోతో వీలైతే దాన్ని కాపాడాలని నా ఆశ.

పక్కన కూర్చున్న ఆంజనేయ మాలధారి నా సంచీ చూసి పెండ్లి ఫోటోలకా అని అడిగాడు. చర్చికన్నాను. కొండగట్టు దగ్గర దిగుతూ, "మంచిగ తియ్యి అన్నా, దేవునిల్లే గదా" అన్నాడు. అక్కడినుంచి పక్క సీటు ఖాళీ. నా భార్య పోయాక అలాంటి సీట్లో ట్రైపాడ్ పెట్టుకోవడం అలవాటైంది.

నిర్మల్‌లో భోజనం చేసి మూడింటికి పల్లె చేరాను. చర్చి ముందు సందు ఇరుకు. వైడ్ లెన్స్ పెట్టినా గంటగోపురం అందక కెమెరా పైకెత్తాను. అలా ఎత్తితే నిలువు గోడలు ఫోటోలో లోపలికి వాలినట్టు పడతాయి. కూల్చాలనే పట్టున్న సంఘపెద్ద దేవదానం కెమెరా తెర చూసి సంబరపడ్డాడు.

"సూసినవా అన్నా, ఒరిగింది. రేపు సంఘంల గిదే సూపెడ్త."

అది కెమెరా ఎత్తడం వల్ల వచ్చిన వంకర అని చెప్పాను.

"కెమెరా గూడ అబద్ధమాడుతదా?" అని నవ్వాడు.

ఎదురింటి ఖాజాబీని అడిగి వాళ్ల డాబా ఎక్కాను. ఆ ఎత్తున కెమెరాను మట్టంగా నిలిపితే గోడలు మట్టపుగుండు వేసినట్టు నిటారుగా వచ్చాయి.

సాయంకాల ప్రార్థన ఇచ్చోడ లాడ్జి గదిలో. కీర్తన ఒక్కడినే ఎత్తుకుని, రెండో చరణం దగ్గర పుస్తకం మూసేశాను. ఇద్దరు ముగ్గురు కూడిన చోట ఉంటానన్నాడు ప్రభువు. ఒక్కడి సంగతేమిటని ఆయన్నే అడిగాను.

ఆదివారం ఆరాధన ముగిశాక రెండు ఫోటోలూ చూపించి వంకర ఎలా వస్తుందో వివరించాను. దేవదానం కాదనలేదు. ముందు వరుసలోంచి రాజమ్మ అనే ముసలామె లేచింది.

"గోడలు ఒరిగినయని నేనెప్పుడన్న బిడ్డా? వాన పడితే నా నెత్తిమీదనే కురుస్తది. కండ్లు మూసుకొని ప్రార్థన చేయనిస్తలేదు."

కప్పు ఎన్నిసార్లు సర్దినా నిలవలేదట. కూల్చేందుకు చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. పరాయి సంఘం వాణ్ణి కనుక నాకు ఓటు లేదు. లేనందుకు స్తోత్రం చెప్పుకున్నాను.

తిరుగు ప్రయాణంలో, సోన్ వంతెన మీద గోదావరి దాటుతుంటే వాన మొదలైంది. ఫోటో తెరిచి చూశాను. ఒక్క గోడా ఒరగలేదు. ఒక్క మనిషీ లేదు. అంత వెడల్పు లెన్స్‌లో రాజమ్మ ఎక్కడా పడలేదు.

చూడదలచినవారు త్వరగా వెళ్లండి. ఆరాధన పదింటికి. ముందు వరుసలో కూర్చోండి.