డోరు కింది తుప్పు

2023 వానాకాలం. బాపట్లలో కరీం భాయ్ ఇంటి ముందు నలుగురం ఉన్నాం. కారు అమ్మే కరీం భాయ్, కొనడానికి రేపల్లె నుంచి వచ్చిన రిటైర్డ్ లెక్కల మాస్టారు, ఆయన భార్య, తెనాలి నుంచి వెళ్లిన నేను. కారు పద్నాలుగేళ్ల పాత పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, తెల్లది. నా సంచిలో టార్చి, పెయింట్ గేజ్, కంప్రెషన్ గేజ్, నలభై అంశాల చెక్‌లిస్టు.

నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. పాత కార్లు కొనేవాళ్ల తరఫున వాటిని పరీక్షించి రిపోర్టు ఇస్తాను. చెక్‌లిస్టులో లేనిదాని గురించి మాట్లాడను.

అమ్మగారికి వారానికి రెండుసార్లు తెనాలిలో డయాలసిస్. తిరుగు రైల్లో సీటు దొరక్కపోతే తలుపు పక్కన నేల మీదే కూర్చుంటున్నారట.

"పాతదైనా ఫర్వాలేదు బాబూ, దారిలో ఆగకపోతే చాలు. నేనే నడుపుతా," అన్నారు మాస్టారు.

కారు బాగుంది. పెయింట్ గేజ్ రంగు పొర మందాన్ని కొలుస్తుంది. అది ఎక్కడా రెండో పూత చూపించలేదు, అంటే గుద్దుకున్న బండి కాదు. సిలిండర్లు గాలిని ఎంత గట్టిగా అదుముతున్నాయో చెప్పేది కంప్రెషన్. అది నాలుగింటిలోనూ సమానంగా ఉంది. సముద్రపు గాలికి ఈ ఊరి కార్లలో ముందుగా పోయేది సిల్, అంటే డోరు కింది అంచు. నేల మీద పడుకుని టార్చి వేసి చూశాను. తుప్పు లేదు.

టెస్ట్ డ్రైవ్‌కి మాస్టారు స్టీరింగ్ పట్టుకున్నారు. నేను పక్కన, మిగతా ఇద్దరూ వెనక.

"ఏవండీ, ఎడమ పక్క సైకిలు."

"చూశాలేవే."

"ఎదర గేదెలు. నెమ్మది. ఇంకా నెమ్మది."

కరీం భాయ్ నవ్వాడు. "మీ బండికి హారన్ దండగండి మాస్టారూ."

"పెళ్లయిన కాణ్ణుంచీ నన్ను నడిపేది ఆవిడే భాయ్."

నేను గేర్‌బాక్స్ శబ్దం వింటున్నాను. ఇంతలో అమ్మగారికి దగ్గు తెర వచ్చి మాట ఆగిపోయింది. ఎదురుగా రోడ్డుకి అడ్డంగా పసుపుపచ్చ బారికేడ్. కారు వేగం తగ్గలేదు. హ్యాండ్‌బ్రేక్ లాగాను. మూరెడు దూరంలో ఆగాం.

"ఎండ కళ్లలో పడింది," అన్నారు మాస్టారు.

ఆకాశం నిండా మబ్బులే.

తిరిగొచ్చాక మాస్టారు మొహం కడుక్కోవడానికి వెళ్లారు. అమ్మగారు నా దగ్గరికొచ్చారు.

"బండి బాగాలేదని చెప్పు నాయనా."

"బాగుందండి అమ్మగారూ."

"బాగుందని తెలుసు. ఆయనకే చూపు ఆనట్లేదు. నాకు తెలీదనుకుని, పొద్దున్నే పేపరు చదివినట్టు పట్టుకుని కూర్చుంటారు. కళ్ల మాట ఎత్తకు. బండి మీదకి నెట్టెయ్."

"మరి మీ ప్రయాణం?"

"రైలుంది కదా."

పక్కనే ఉండి వింటున్న కరీం భాయ్ వైపు చూశాను. మంచి బండికి చెడ్డపేరు పెట్టాలి. ఆయన తాళం జేబులో వేసుకున్నాడు.

"చెప్పెయ్ బాబూ. ఆయనకైతే నేనే ఇవ్వను."

మాస్టారు వచ్చారు. "ఏంటి బాబూ, ఏమంటుంది బండి?"

"సిల్ తుప్పు పట్టిందండి. లోపల్నుంచి తినేసింది. కొనొద్దు."

"ఎక్కడ?" ఆయన మోకాళ్ల మీద కూర్చున్నారు. చెయ్యి పట్టుకుని డోరు కింద పెట్టాను. నున్నటి రంగు. ఆ చివర నుంచి ఈ చివరిదాకా వేళ్లతో మెల్లగా తడిమారు. వేళ్లు కళ్లకు బాగా దగ్గరగా పెట్టుకుని చూసుకున్నారు. శుభ్రంగా ఉన్నాయి. తర్వాత భార్య ఉన్న వైపు తల తిప్పారు.

"అవునే, తుప్పే," అన్నారు. "చాలా ఉంది."

లేచి, ఆమె భుజం మీద చెయ్యి వేశారు. "పద, రైలు టైమవుతోంది."

"మెట్టుందండీ," అన్నారామె గేటు దగ్గర. ఆయన కాలు ఎత్తి వేశారు.

అప్పటి నుంచి టెస్ట్ డ్రైవ్‌లో బండితో పాటు నడిపేవాళ్లనూ చూస్తున్నాను. ఆ తెల్ల కారు రిపోర్టు ఎవరూ అడగలేదు. తెనాలి వెళ్లాక పూర్తి చేసి పెట్టాను. నలభైకి ముప్పై ఎనిమిది.