చూడకముందే రాసిన రికార్డు: వెల్స్ గ్రే లావా గోడల దగ్గర ఒక రోజు

ముప్పయ్యొక్క సంవత్సరాలు ఇంటర్మీడియట్ పిల్లలకు అగ్నిపర్వతాల పాఠం చెప్పాను. ఒక్కదాన్నీ చూడలేదు. నరసరావుపేట దగ్గరి ప్రభుత్వ కళాశాలలో పనిచేసే రోజుల్లో, రాజమండ్రి పక్కన కాటేరులో పాత లావా పొరలు బయటపడి ఉన్నాయి, పిల్లల్ని ఒక్కరోజు తీసుకెళ్తాను అని మూడుసార్లు అర్జీ పెట్టాను. మా ప్రిన్సిపాల్ మూడుసార్లూ ఒకటే మాట అన్నాడు: "మ్యాపులో కనిపిస్తూనే ఉందిగా మాస్టారూ, మళ్ళీ బస్సెందుకు?" ఆయన రిటైరైనప్పుడు శాలువాలు కప్పి, విద్యాప్రదాత అని బ్యానరు కట్టారు. ఆయన పోయి చాలాకాలమైంది. నేను మాత్రం మరిచిపోలేదు. సెలవు పెట్టి నువ్వొక్కడివే వెళ్ళి చూడొచ్చుగా అని అడిగేవాళ్ళ దగ్గర మాట మార్చేస్తాను.

మా అమ్మాయికి కెనడాలోనే టొరంటో పక్కనున్న ఏజాక్స్ నుంచి బ్రిటిష్ కొలంబియాలోని కామ్లూప్స్‌కు ఉద్యోగం మారింది. దాంతో ఆమె దగ్గరే ఉంటున్న నేనూ మారాను. ఇక్కడి కాలేజీలో అరవై అయిదు దాటినవాళ్ళను ఫీజు లేకుండా వెనక బెంచీలో కూర్చోనిస్తారు. 2023లో భౌతిక భూగోళశాస్త్రం క్లాసులో చేరాను. వీసాలు వరదలా ఇస్తున్న రోజులవి. నలభై మంది ఉన్న క్లాసులో సగం మన దేశం పిల్లలే. వాళ్ళలో ఎవరికీ భూగోళం మీద ప్రేమ లేదు. జాగ్రఫీ ఈజీ, లెక్కలుండవు అని హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చున్న కన్సల్టెన్సీవాడు చెప్పి పంపాడు. వాడు భూగోళంలో చూసిందల్లా విమానాశ్రయం దాకా ఉన్న రోడ్డే. పాఠంలో భాగంగా సెప్టెంబరు నెలాఖరున ఒకరోజు వెల్స్ గ్రే పార్కుకు ఫీల్డ్ ట్రిప్ అన్నారు. కాటేరు కాకపోతే ఇదైనా అనుకుని పేరిచ్చాను.

నా పక్క సీట్లో కూర్చునే అమ్మాయి పేరు సింధూజ. జనగామ అమ్మాయి, బిజినెస్ డిప్లొమా చదువుతోంది. ట్రిప్పుకు రెండు వారాల ముందు అడిగింది. "సార్, ఫీల్డ్ నోట్‌బుక్ అంటె ఏంది? ముప్పై మార్కులు దానికేనట."

"రికార్డేనమ్మా. ఇంటర్లో రాయలేదూ?"

"అదా! సీనియర్ల రికార్డ్ దొరికితె చూసి రాస్త గదా."

"సీనియర్లెందుకు, నేను లేనూ?" అన్నాను.

మన రికార్డు సంగతి మీకు తెలిసిందే. ప్రయోగం జనవరిలో, రికార్డు డిసెంబరులోనే తయారు. ఉద్దేశ్యం, పరికరాలు, పద్ధతి, పరిశీలన, ఫలితం. కుడివైపు నీలి సిరా, ఎడమవైపు పెన్సిల్ బొమ్మ. బయటినుంచి వచ్చే ఎగ్జామినరు దాన్ని చేత్తో బరువు చూసి మార్కులు వేస్తాడు. రెండు శనివారాలు లైబ్రరీలో కూర్చుని, ఆగబోయే నాలుగు చోట్ల గురించీ నేను చెప్తుంటే ఆ పిల్ల రాసింది. ఆనందంగా చెప్పాను. రిటైరయ్యాక నా మాట ఎవరైనా రాసుకోవడం అదే మొదలు.

బస్సు కాలేజీ గేటు దగ్గర ఏడున్నరకు కదిలింది. ట్రిప్పు ఫీజు నలభై డాలర్లు, మధ్యాహ్నం తిండి ఎవరిది వారే తెచ్చుకోవాలి. పిల్లల్ని బడికి తిప్పే పసుపు బస్సు అది. మోకాళ్ళు ముందు సీటుకు గుచ్చుకుంటాయి, కాబట్టి వయసు మళ్ళినవాళ్ళు డ్రైవరు వెనక సీటు అడిగి తీసుకోండి. డ్రైవరు నా ఈడు సర్దార్‌జీ. అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు. "మాస్టర్‌జీ, మీది ఎన్నో సెమిస్టర్?"

"ఆఖరిది."

"నాదీ అంతే. కానీ నాకు జీతమిస్తున్నారు," అన్నాడు.

ఐదో నంబరు హైవే మీద, నార్త్ థాంప్సన్ నది పక్కన ఉత్తరంగా నూట పాతిక కిలోమీటర్లు వెళ్తే క్లియర్‌వాటర్ వస్తుంది. సన్నగా వాన మొదలైంది. దారిలో సింధూజ నోట్‌బుక్ తీసి మురిపెంగా చూపించింది. నిజంగానే అచ్చు వేసినట్టుంది. తర్వాత గొంతు తగ్గించింది. "సార్, మీకు చెప్పలే. పోయిన టర్మ్‌ల వేరే కోర్స్‌ల నెట్ నుంచి ఒక పేరా కాపీ కొట్టిన. వార్నింగ్ ఇచ్చిన్రు. ఇంకోసారి రిపోర్ట్ అయితె సస్పెండ్ చేస్తరు. కాలేజ్ పోతే స్టడీ పర్మిట్ పోయినట్టే. ఇంకో రెండు టర్ములే ఉన్నై. అందుకే ఇది మంచిగ రాయాలని మిమ్మల్ని అడిగిన."

నాకు అప్పుడైనా తట్టాలి. తట్టలేదు. "ఇంత శుభ్రమైన రికార్డుకు ముప్పైకి ముప్పై వేయకపోతే నన్నడుగు," అన్నాను.

క్లియర్‌వాటర్‌లో తొమ్మిదింపావుకు ఆగాం. ఇరవై నిమిషాల సమయం ఇచ్చారు. కాఫీ, టాయిలెట్, పెట్రోలు ఏదైనా ఇక్కడే చూసుకోవాలి. అక్కణ్ణుంచి పార్కు రోడ్డు. ఇది జాతీయ పార్కు కాదు, ప్రావిన్సు పార్కు. పగటి ప్రవేశానికి రుసుము లేదు. పది కిలోమీటర్లకే స్పాహట్స్ జలపాతం వస్తుంది. కార్లు ఆపే చోటు నుంచి పది నిమిషాల నడక. అగ్నిపర్వతం అన్న మాట నమ్మి వచ్చినవాళ్ళకు ఇక్కడ అగ్నీ కనిపించదు, పర్వతమూ కనిపించదు. ఒక లోతైన లోయ, దాని గోడల్లో బూడిదరంగు పొరలు, ఒక పొర నడుమ నుంచి దూకే నీళ్ళు. అంతే. నేను ముప్పయ్యేళ్ళు బోర్డు మీద వేసిన బొమ్మలో కొసన పొగ ఉండేది. వానలో కళ్ళజోడు తుడుచుకుంటూ నిలబడ్డాను. ఏమీ అనిపించలేదు. అలసట మాత్రం అనిపించింది.

రెండో మజిలీ గ్రీన్ మౌంటెన్ మీద, చుట్టూ చూడటానికి ఎక్కే గోపురం. అక్కణ్ణుంచి ఉత్తరాన పూర్వం మంచుగడ్డల కింద లావా ఎగదన్ని పుట్టిన పిరమిడ్ మౌంటెన్ కనిపిస్తుందని పాఠంలో చెప్పారు. మలుపు దగ్గరికి వెళ్ళేసరికి పైకెళ్ళే మట్టి రోడ్డుకు అడ్డంగా గేటు వేసి ఉంది. సర్దార్‌జీ దిగి చూసి వచ్చి, "బంద్," అన్నాడు. బస్సు తిన్నగా డాసన్ జలపాతానికి పోయింది. నా పక్కన సింధూజ నోట్‌బుక్ మూసి ఒళ్ళో పెట్టుకుంది. దాన్ని రెండు చేతులతో గట్టిగా నొక్కి పట్టుకుంది.

డాసన్ దగ్గర భోజనాలు. చెట్ల కింద బల్లలున్నాయి గాని అన్నీ తడి. మా అధ్యాపకురాలు ఎలెన్ యాభై దాటిన మనిషి, పొడిమాటల మనిషి. క్లాసంతా ఆమెను పేరు పెట్టి పిలుస్తుంది, మన పిల్లలు మాత్రం మేడమ్ అంటారు. ఎంతవరకు రాశారో చూస్తానని నోట్‌బుక్‌లు అడగడం మొదలుపెట్టింది. అందరివీ వానకు ఉబ్బిన కాగితాలు, కొట్టివేతలు. సింధూజ పుస్తకాన్ని మాత్రం ఆమె విప్పి చాలాసేపు చదివింది. ఆమె మాట్లాడింది ఇంగ్లీషులోనే, నేను తెలుగులో రాస్తున్నాను.

"రెండో మజిలీ. ఒంటిగంటా పదిహేను. ఎండగా ఉంది. గోపురం ఎక్కాము. ఉత్తరాన పిరమిడ్ కొండ మీద మంచు మెరుస్తోంది." తలెత్తి వాన వంక చూసింది. వాచీ చూసుకుంది. ఇంకా పన్నెండున్నర కాలేదు. "పరికరాలు: అగ్నిపర్వతం, స్కేలు, పెన్సిల్. సింధూజా, ఇది ఎవరిది?"

ఆ పిల్ల నావైపు చూడలేదు. చూసి ఉంటే సులువయ్యేది. చూడకుండా, "నాదే మేడమ్," అంది.

నా సంగతి నిజంగానే చెప్పాలి. ముప్పయ్యొక్క ఏళ్ళలో తప్పు నాది అని నేను ఎవరితోనూ అనలేదు. ప్రిన్సిపాలుది, సిలబస్ కమిటీది, కార్పొరేట్ కాలేజీలది అని మాత్రం అన్నాను, రాశాను, సభల్లో అరిచాను. ఊరుకుంటే నాకేమీ కాదు, నా పేరు హాజరు పట్టీలో కూడా లేదు. ఇడ్లీ డబ్బా బల్ల మీద పెట్టి లేచాను.

"మాటలన్నీ నావి. చేతిరాత మాత్రమే ఆమెది."

"మీరు ఇక్కడికి ముందు వచ్చారా?"

"లేదు."

"మరి మంచు మెరుస్తుందని ఎలా తెలుసు?"

"ముప్పయ్యొక్క ఏళ్ళు పాఠం చెప్పాను."

"చూడకుండానా?"

"చూడకుండానే."

ఆమె నవ్వితే బాగుండేది. నవ్వలేదు. మా దేశంలో రికార్డు అంటే ముందే రాసేది, ఫీల్డ్ నోట్‌బుక్ అంటే రికార్డే అని ఈ అమ్మాయికి చెప్పింది నేను అని వివరించాను. చెప్తుంటే ఎంత తెలివితక్కువగా ఉందో నాకే వినిపించింది. ఎలెన్ ఓపిగ్గా విని, "ఆమె చిన్నపిల్ల కాదు. అట్ట మీద సంతకం ఆమెదే," అంది. తర్వాత సింధూజతో చెప్పింది. "ఈ పేజీలకు సున్నా. చింపొద్దు, అలాగే ఉండనీ. ఆఖరున హెల్మ్‌కెన్ జలపాతం దగ్గర గంటసేపు ఆగుతాం. కొత్త పేజీలో అక్కడ చూసింది రాయి. చదివాక, రిపోర్ట్ చేయాలా వద్దా అన్నది చెప్తాను." నావైపు తిరిగి, "మీరు అక్కడ ఈమెకు దూరంగా, కంచె రెండో కొసన నిలబడండి," అంది.

హెల్మ్‌కెన్ జలపాతం పార్కు రోడ్డులోంచి ఎడమకు తిరిగే చీలిక చివర ఉంటుంది. బస్సు దిగిన చోటికి కంచె ఇంచుమించు ఆనుకునే ఉంది, నడకే లేదు. ఎదుట గోడలా లావా పీఠభూమి అంచు, అక్కణ్ణుంచి ఒక్క ఉదుటున కిందికి నీళ్ళు. కెనడాలోనే ఎత్తయినవాటిలో ఒకటి. చప్పుడు కంటే ముందు తుంపర వచ్చి తగులుతుంది. నేను ఎలెన్ చెప్పిన కొసన నిలబడ్డాను. సింధూజ పదిహేను నిమిషాలు పెన్ను పట్టుకుని ఊరికే నిలుచుంది. ఒకసారి నావైపు తిరిగింది. నేను వీపు తిప్పేశాను. అది నాకు చేతనైన పాఠం. మళ్ళీ చూసేసరికి కంచె మీదికి వంగి, వేలితో గాలిలో ఏదో గీత గీస్తోంది. ఆ తర్వాత నోట్‌బుక్ కంచెకు ఆనించి రాస్తోంది. వాన సిరాను పాకిస్తుంటే చున్నీ అడ్డం పెట్టుకుంది.

మూడు గంటలకు బస్సు తిరుగుముఖం పట్టింది. ఎలెన్ వచ్చి మా పక్క వరస సీటులో మావైపు తిరిగి కూర్చుంది. "చదువు," అంది.

సింధూజ ఇంగ్లీషు వంకరటింకరగా ఉంది. ఆమె రాసింది ఇదీ: గోడ ఒకేసారి పోసింది కాదు. పొరకూ పొరకూ నడుమ ఒక్కోచోట గీత ఉంది, ఆ గీత దగ్గర రంగు వేరు. కుడివైపు ఒక పొర పోనుపోను సన్నబడి మాయమైంది. అది ఎందుకో నాకు తెలియదు. గీత సంగతి మాత్రం తెలుసు. మా నాయన స్లాబులు వేస్తాడు. నిన్న పోసిన కాంక్రీటు ఆరిపోయాక ఈరోజు పోస్తే నడుమ గీత పడుతుంది. ఇక్కడ కూడా పోసి, ఆపి, చాలా రోజులకు మళ్ళీ పోశారు.

ఎలెన్ పుస్తకం తీసుకుని ఆ పేజీ తనే మళ్ళీ చదివింది. "ఆ గీత గురించి ఈయన చెప్పాడా?" అని నన్ను చూపించింది.

"లేదు మేడమ్," అంది సింధూజ. తర్వాత, నన్ను వెనకేసుకొస్తున్నాననుకునే కాబోలు, గట్టిగా అంది. "ఆయనకు తెలియదు మేడమ్."

ఎలెన్ పేజీ కింద పెన్సిల్‌తో సంతకం పెట్టి పుస్తకం తిరిగి ఇచ్చింది. రిపోర్ట్ లేదంది. ఆ ఒక్క పేజీకి ఎన్ని మార్కులొస్తే అన్నే. సింధూజ కిటికీకి తల ఆనించి బార్రియర్ ఊరు దాటేదాకా ఏడ్చింది. ఆ తర్వాత నా డబ్బా అడిగి, మిగిలిన నాలుగు ఇడ్లీలూ తినేసింది. "చల్లగైనై సార్. ఆంటీ చేసిందా?" "మా అమ్మాయి." "మీకు రాదా?" "రాదు." "మీకు ఏదీ రాదా ఏంది సార్?" అని నవ్వింది. ఐదున్నరకు కామ్లూప్స్‌లో దిగాం.

ఆయనకు తెలియదు అన్న ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు. ఎన్ని వేల రికార్డుల మీద సంతకం చేసి ఉంటాను? ఆ పిల్లల్లో కొందరి తండ్రులు బావులు తవ్వేవాళ్ళు, మరికొందరి తండ్రులు కొండవీటి పక్కన రాళ్ళు కొట్టేవాళ్ళు. రాతి పొరల గురించి నా పుస్తకంలో లేనిది వాళ్ళ ఇళ్ళల్లో ఉండే ఉంటుంది. ఒక్కణ్ణీ అడగలేదు. బస్సు ఇవ్వనిది ప్రిన్సిపాలే. కానీ అడగడానికి బస్సు అక్కర్లేదు. ఆయన మీద నాకు కోపం పోలేదు, పోదు కూడా. ఆ కోపం మునుపటంత హాయిగా మాత్రం లేదు.

టొరంటో, మిల్టన్ వైపు నుంచి వచ్చేవాళ్ళు వాంకూవర్ మీదుగా కామ్లూప్స్‌కు విమానంలో వచ్చి కారు అద్దెకు తీసుకోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి. క్లియర్‌వాటర్ దాటాక ఫోన్‌లో సిగ్నల్ ఉండదు, వెతికి చూసుకోవడం కుదరదు. దేని పేరైనా తెలియకపోతే, తెలియదనే రాసుకోండి.