అలీ సాహెబ్ నాలుగు జీబీ లారీ

వినుకొండలో నేను కంప్యూటర్లు బాగుచేస్తాను. పేరు త్రినాథ్, నోరు కాస్త చెడ్డది. అలీ సాహెబ్ ఉండేది మా షాపుకి ఎదురింట్లోనే. ముప్ఫై ఏళ్లు లారీ తోలాడాయన. గుంటూరు యార్డులో మిరప టిక్కీలు, అదే బస్తాలు, ఎక్కించుకుంటే మళ్లీ దించేది నాగపూర్‌లోనే. షుగరొచ్చి పాదాలకు స్పర్శ పోయింది. బ్రేకు మీద కాలుందో లేదో తెలియనివాడికి లారీ ఎవరిస్తారు? భార్య ఖాదర్‌బీ పోయి నాలుగేళ్లు. పొద్దున పాలవాడితో రెండు మాటలు, ఆ రోజుకి అంతే.

చూడలేక నేనే ఒక పాత కంప్యూటర్ కూర్చి, స్టీరింగు తగిలించి, లారీ తోలే ఆట పెట్టిచ్చాను. బ్రేకు కాలికి కాకుండా చేతి మీటకు పెట్టాను. దర్శిలో ఉన్న మార్కుకీ అలాంటిదే ఉంది. ఇరవై ఏళ్లు ఈయన లారీ వెనకే తన లారీ తోలినవాడు మార్కు. మధ్యాహ్నం మూడింటికి ఇద్దరూ హెడ్‌సెట్లు పెట్టుకుని నెట్‌లో ఒకే రోడ్డు మీద బయల్దేరేవాళ్లు. ముందు ఈయన, వెనక అతను. షుగరు మాత్రలు, మిరప ధర, పాత ఢాబాల్లో పప్పు రుచి, ఒకటా రెండా! ఈయన మాటలు నా షాపులోకి వినపడేవి.

పోయిన వేసవిలో ఆటకి కొత్త వెర్షన్ వచ్చింది. ఇద్దరిదీ ఒకే వెర్షన్ కాకపోతే కలిసి పోవడం కుదరదు. కొండలు, వాన, రోడ్డు మీద తడి, అన్నీ నిజంలాగే ఉంటాయి. ఆ బొమ్మలన్నీ గ్రాఫిక్స్ కార్డుకున్న సొంత మెమరీలో పట్టాలి. దానికి ఎనిమిది జీబీ కావాలి. ఈయనది నాలుగు.

"పది టన్నుల బండికి పదహారు ఎక్కించి ఘాట్ రోడ్డు దాటించినోణ్ణి. నాలుగు జీబీ ఎనిమిదిని లాగదా? నిదానంగా పోతాలే," అన్నాడు.

"బాబాయ్, ఇది లారీ కాదు. నిదానంగా పోయినా బొమ్మ ఆగిపోద్ది."

మొండివాడు రాజుకంటే బలవంతుడు. నిదానంగానే పోయాడు. మూడో మలుపులో తెర బిగుసుకుపోయింది. "అన్నా, ఉన్నావా? అన్నా?" అని హెడ్‌సెట్‌లో మార్కు అరుస్తూనే ఉన్నాడు.

"అద్దాలు తీసేస్తా," అన్నాను. "వెనక ఉన్నదంతా అద్దంలో మళ్లీ గీయాలి. అది మెమరీ తినేస్తోంది."

ఆయనకి కోపం నషాళానికంటింది. "అద్దాల్లేకుండా లారీ తోలమంటావా! మార్కు కనపడకపోతే నేనెవరితో పోతున్నట్టురా?"

నాకు తలప్రాణం తోకకొచ్చింది. అద్దాలు ఉంచి, మిగతావన్నీ తగ్గించాను. కొండలు పిండిముద్దల్లా అయ్యాయి, బోర్డుల మీద ఊళ్ల పేర్లు అలుక్కుపోయాయి. ఆయనకేం పట్టలేదు. అద్దంలో మార్కు లారీ కనపడితే చాలు. నెలన్నర అలా నడిచింది. ఆ తర్వాతి వెర్షన్‌కి ఆట అసలు తెరుచుకోనే లేదు. పెద్ద కార్డు పెడదామంటే ఆ పాత డబ్బా మోయలేదు. కొత్తది కొందామంటే ఆయన ఆ మాటే ఎత్తనివ్వలేదు. మార్కుకి మాత్రం అల్లుడు కొనిపెట్టాడు.

మూడింటికి ఎదురింట్లోంచి మాట వినపడకపోతే నాకే పని మీద చెయ్యి ఆడేది కాదు. "దర్శి గంటన్నర. బస్సెక్కి పోరాదా?" అని ఒకరోజు కసిరాను.

"పోయి ఏం మాట్లాడను? చేతిలో స్టీరింగుంటేనే మాకు మాటలొస్తాయి."

ఇదెక్కడి విడ్డూరమని చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్లాను.

ఆయన చెప్పింది నిజమే. ఎదురెదురు కుర్చీల్లో ఇద్దరూ నేల చూస్తూ కూర్చున్నారు. బాగున్నావా అంటే బాగున్నా, అంతే. ఆఖరికి మార్కు లేచి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. "చూడన్నా, ఎనిమిది జీబీ! వాన చినుకులు కూడా కనపడతాయి." స్టీరింగు పట్టాడో లేదో, గలగలా మాటలు మొదలయ్యాయి. పక్కన నిలబడ్డ అలీ సాహెబ్ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా అంచు పట్టుకున్నాడు. అనవసరంగా తీసుకొచ్చాను.

తెర మీద మార్కు లారీకి ముందు నీలం లారీ ఒకటి పోతోంది.

"ఎవర్రా ఆ ముందోడు?" అన్నాడు అలీ సాహెబ్.

"ఎవరో ఒడిశా డ్రైవరన్నా. రోజూ కలుస్తాడు."

"బ్రేకు ఎప్పుడేస్తాడో తెలుసా నీకు?"

మార్కు నవ్వాడు. "అతనిది ఎట్టా తెలుసుద్దన్నా? నీదైతే తెలుసు."

అలీ సాహెబ్ తెర మీదికి వంగి ఆ నీలం లారీని చూశాడు. "అయితే నీ బండికీ వాడి బండికీ మధ్య దూరం ఉంచి పో," అన్నాడు. మార్కు భార్య టీ తెచ్చేలోపే చెప్పులు వేసుకున్నాడు.