సఫూరా టీచరుకు చలేసిన శీతాకాలం

సఫూరా టీచరు అజర్‌బైజాన్ కొండల్లోని మా ఖినలిగ్ ఊరికి వచ్చిన రోజున ఆమె చేతుల్లో ఒక పెట్టె, ఒక యాపిల్‌పళ్ళ సంచీ ఉన్నాయి. గుబా పట్నం వాళ్ళంతే, పెళ్ళికి వెళ్ళినా చావుకి వెళ్ళినా యాపిల్‌పళ్ళు మోసుకుపోతారు. లారీ కొండ కింద దిగబెట్టిపోతే మెట్లన్నీ ఎక్కి వచ్చి, ఆయాసం తీర్చుకుంటూ, "ఇక్కడ బడి ఎక్కడండీ?" అని నన్నే అడిగింది.

"మీ కాళ్ళ కిందే టీచరమ్మా. మీరు నిలబడ్డది దాని కప్పు మీద" అన్నాను.

కింది ఇంటి కప్పు పై ఇంటికి వాకిలి కావడం ఆమె అంతవరకు చూడలేదు. గబుక్కున రెండడుగులు వెనక్కి వేసింది. నేను నవ్వాను. నా పేరు బాగిర్, ఆ బళ్ళో లెక్కలు చెప్పేవాణ్ణి. ఊళ్ళో నా నోటికి జడిసేవాళ్ళే గాని మెచ్చేవాళ్ళు తక్కువ.

ఇప్పుడామె జుట్టు నెరిసింది, మోకాళ్ళు అరిగాయి. మా పశువుల డాక్టర్ని పెళ్ళాడి ఇక్కడే ఉండిపోయింది. మా ఊళ్ళో అజర్‌బైజానీ తప్పుల్లేకుండా మాట్లాడేవాళ్ళు ఎవరు కనబడినా ఆమె చేతికింద చదివినవాళ్ళే. ఆమె గురించి చెప్పమంటే ఊళ్ళో ఒక్కొక్కరూ ఒక్కో కథ చెబుతారు. నాకు మాత్రం ఆమె మొదటి శీతాకాలమే గుర్తొస్తుంది.

మా పిల్లలు ఇంట్లో మాట్లాడేది మా ఊరి భాష. కొండ దిగితే ఆ భాష ఎవరికీ రాదు. అందుకని బళ్ళో అజర్‌బైజానీ నేర్చుకు తీరాలి. అందులో విభక్తులు ఆరు. మొదటి రెండూ ఎలాగో బుర్రకెక్కాయి. మూడోది, ఎవరికి, దేనికి, ఎక్కడికి అన్నది చెప్పే విభక్తి దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. మాట చివర 'కి' అనో 'కు' అనో తగిలించాల్సిన చిన్న తోక, అంతే. ఆ తోకని మా పిల్లలు హాయిగా మింగేసేవారు. "నేను ఆవు గడ్డి వేశాను" అనేవాడొకడు. "అమ్మ పాలు ఇచ్చాను" అనేదొకతె. ఎవరు ఎవరికి ఏమిచ్చారో దేవుడికే తెలియాలి.

సోవియట్ కూలిపోయిన ఏళ్ళవి. బడికి బొగ్గు పంపే నాథుడు లేడు. మా కొండ మీద చెట్టన్నది మొలవదు, ఆవు పెట్టిందే మాకు కట్టె. అందుకని ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ పొద్దున్నే చంకలో ఒక పిడక పెట్టుకుని బడికి వచ్చేవాళ్ళు. తరగతి మధ్యలో ఇనుప పొయ్యి, దాని చుట్టూ పిల్లలు.

సఫూరా టీచరు ఇది చూసింది, పాఠం దొరికింది. ఆ రోజు నుంచి పిల్లలు గుమ్మంలో నిలబడి, "నేను పొయ్యికి పిడక ఇస్తున్నాను" అని తోక మింగకుండా చెప్పి, పిడక ఇచ్చి, వెళ్ళి వెచ్చగా కూర్చోవాలి. ఆ తర్వాత పిడక చేతులు మారేది. "నేను జబీకి పిడక ఇస్తున్నాను." "జబీ టీచరుకి ఇస్తున్నాడు." పిల్లలకి అదొక ఆట. దారిలో కనబడ్డ గొర్రెలకీ గొడ్లకీ కూడా 'కి' తగిలించడం మొదలెట్టారు.

"మీ వ్యాకరణం కంపు కొడుతోంది టీచరమ్మా" అన్నానొకసారి.

"కొడితే కొట్టనీండి మాస్టారూ. వెచ్చగా ఉంటోంది గదా. మీ లెక్కల క్లాసులో పిల్లల పళ్ళు టకటకమంటుంటే ఇక్కడికి వినబడుతోంది" అంది. గుబా ఆడవాళ్ళ నోరు కూడా తక్కువేం కాదని అప్పుడర్థమైంది.

ఆ పాఠం అందరికంటే బాగా వచ్చింది నిసాకి. పీలగా ఉండే పిల్ల. తండ్రి గొర్రెల కాపరి, మంచు చరియ విరిగిపడి మందతో పాటు పోయాడు. ఉన్న ఒక్క ఆవూ ఆ మరుసటి వసంతంలో అంచు నుంచి జారి లోయలో పడింది. తల్లి గుల్సబా జోళ్ళు అల్లి బతుకుతోంది. జోళ్ళంటే మాకు ఉన్ని మేజోళ్ళే. ఆవు లేని ఇంట్లో పిడక ఎక్కణ్ణించి వస్తుంది? అయినా నిసా చంకలో రోజూ పిడక ఉండేది. ఆ సంగతి టీచరుకి తట్టలేదు. పట్నం పిల్ల, పిడకల లెక్క ఆమెకేం తెలుసు?

ఒకరోజు నిసా గుమ్మంలో నిలబడి ఎప్పటిలా చెప్పింది. మా అన్న కొడుకు జబీ ఆ పిడక అందుకున్నాడు. అందుకుని తిప్పి చూసి కేకేశాడు.

"టీచర్! ఇది మాది! మా నానమ్మ చెయ్యి ఉంది దీని మీద!"

పిడక కొట్టినప్పుడు చెయ్యి అచ్చు పడుతుంది గదా. మా అమ్మ ఖాన్‌పరీకి కుడిచేతికి నాలుగే వేళ్ళు, ఒకటి కొడవలికి పోయింది. ఆమె కొట్టిన పిడకని గుడ్డివాడైనా తడిమి చెప్పగలడు. పక్క గదిలోంచి నేనా కేక విన్నాను. ఆ తర్వాత నవ్వులు, ఎవరో "దొంగ" అనడం కూడా విన్నాను. నిసా ఏడవలేదట. సంచీ తీసుకుని, గుమ్మం దాటి, మంచులో నడిచి వెళ్ళిపోయిందట.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

ఇంటికెళ్ళేసరికి మా అమ్మ జబీ చెవి మెలేసి పట్టుకుని ఉంది.

"నువ్వేమన్నా పోలీసువా? పిడక మీద నా చెయ్యి ఉంటే నీకేం నొప్పిరా?"

"అమ్మా, నీకు ముందే తెలుసా?" అన్నాను.

"తెలీకేం? రోజుకొకటి గోడ మీంచి మాయమైతే కళ్ళు కనబడవా? కుక్క ఎత్తుకుపోతోందని ఊరంతా చెప్పాను. కుక్కలకి పిడకలెందుకురా? వినేవాళ్ళకైనా బుద్ధుండొద్దూ!"

మా అమ్మ మీద అంత ప్రేమ నాకు అంతకుముందెప్పుడూ కలగలేదు.

సఫూరా టీచరు ముఖం మాత్రం ఆ రోజుల్లో చూడలేకపోయాను. ఆమె తిండి మానేసిందని ఆమెకి గది ఇచ్చిన ఇంటివాళ్ళు అన్నారు. చివరికి నా దగ్గరికి వచ్చి, "నిసా వాళ్ళింటికి వెళ్దాం రండి. మీ భాష నాకు రాదు. ఆ పిల్ల బడికి రాకపోతే ఆ పాపం నాదే" అంది. వెళ్ళాం.

గుల్సబా మమ్మల్ని కూర్చోబెట్టి టీ పోసింది. చక్కెర ముక్కలు మా ఇద్దరి ముందే పెట్టింది, తను పెట్టుకోలేదు. మూల కూర్చుని ఉన్ని దువ్వుతున్న నిసా తలెత్తలేదు.

"చిన్నపిల్ల అక్కా. ఏ తప్పూ చెయ్యలేదు. రేపటి నుంచి పంపించండి. పిడక తేకపోయినా నేనేమీ అనుకోను" అంది టీచరు. ఇద్దరి మాటలూ అటూ ఇటూ నేనే మార్చి చెప్పాను.

"మీరనుకోరు టీచరమ్మా. మేం అనుకుంటాం." గుల్సబా గొంతులో కోపం లేదు. "మా ఇంట్లో ఒకరి ముందు చెయ్యి చాచినవాళ్ళు లేరు. పొయ్యికి ఇచ్చుకోలేనిది పొయ్యి దగ్గర కూర్చోదు. టీ చల్లారిపోతోంది, తాగండి."

అంతే. ఆ మాట మీద ఇంకో మాట లేదు.

తిరిగి వస్తూ మెట్ల దగ్గర టీచరు ఆగింది. "మీ ఊళ్ళో ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరా మాస్టారూ?" అంది.

"అడగరు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారే, మా ఊళ్ళో అమ్మని కూడా అడగరు. ఎదుటివాడే చూసి పెట్టాలి. చూడకపోతే పస్తుంటారు."

"ఇదేం రోషమండీ!"

నాకు చిరాకేసింది. ఊరిని నేను తిడతాను గాని బయటివాళ్ళు తిడితే పడను. "మీరు మాత్రం? మీ గది గొట్టంలోంచి పొగ రాగా చూసి ఎన్నాళ్ళైంది? ఎవరడిగినా 'వెచ్చగానే ఉంది' అంటారు. ఆ చేతులు చూసుకోండి, ఎలా పగిలాయో. మీ రోషం ఏం తక్కువైందని?"

ఆమె చేతులు గబుక్కున శాలువాలో దాచుకుంది. నా నోరు పెట్టిన పుండ్లు చాలా ఉన్నాయి గాని, ఇది మాత్రం తగలాల్సిన చోట తగిలిందని తర్వాత తెలిసింది.

మర్నాడు ఆమె తరగతిలో మామూలు ఆట జరగలేదు.

"ఇన్నాళ్ళూ నేను మీకు సగం పాఠమే చెప్పాను. ఇవ్వడమొక్కటే నేర్పాను. ఈ విభక్తి ఇచ్చేవాళ్ళ కోసమే కాదు. ఎవరికైనా ఏదైనా కావాలన్నా ఇదే కావాలి." బోర్డు మీద 'నాకు' అని రాసిందట. "ఊఁ, ఎవరు చెబుతారు? నాకు ఫలానాది కావాలి అని?"

మామూలుగా ఎగిరెగిరి పడే పిల్లలంతా నేలచూపులు చూశారట.

"జబీ, నువ్వు చెప్పు."

"టీచర్, అలా అంటే మా అమ్మ తంతుంది" అన్నాడు వాడు.

"సరే. అయితే నేనే చెబుతాను, వినండి."

రెండు గదుల మధ్య చెక్క గోడే గనక నాకు అంతా వినబడుతోంది. నేను సుద్దముక్క పట్టుకుని ఆగిపోయాను.

"నాకు చలిగా ఉంది" అంది సఫూరా టీచరు. "నా గదిలో పొయ్యి వెలగడం లేదు. నాకు పిడకలు కావాలి. నాకు సాయం కావాలి."

పిల్లలు నవ్వలేదు. నా తరగతి పిల్లలు నా వంక చూశారు, ఇదేం వింత అన్నట్టు.

సాయంత్రానికి ఊరంతా గుప్పుమంది. అతిథి చేత అడిగించుకున్నామే అని ఆడవాళ్ళు లెంపలేసుకున్నారు, మగవాళ్ళు ఆ తప్పు పెళ్ళాల మీదకి తోశారు. మా అమ్మ గంప నిండా పిడకలు నింపి నా నెత్తిన పెట్టి, "నడు" అంది. మేం వెళ్ళేసరికే టీచరు గుమ్మం ముందు పిడకల గుట్ట. టీచరు ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. అయినా దాక్కోలేదు, వచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా తీసుకుంటోంది.

"పొయ్యి అంటించడం కూడా చూపించాలి నాకు" అంది మా అమ్మతో.

"ఇంత చదివి అది చదవలేదా తల్లీ? జరుగు" అంటూ మా అమ్మ నేలమీద బోర్లా పడుకుని ఊదడం మొదలెట్టింది.

అప్పుడు గుల్సబా వచ్చింది, నిసా చెయ్యి పట్టుకుని. గుమ్మంలో ఉన్నవాళ్ళు మాటలాపి దారి ఇచ్చారు. ఆమె చేతిలో కొత్త జోళ్ళ జత, ఎర్రటి పూలు అల్లినవి. టీచరు చేతిలో పెట్టింది.

"ఇవి మీ కాళ్ళకి" అంది. మా భాషలో కాదు, టీచరు భాషలో, ఒక్కో మాటా వెతుక్కుంటూ. ఇచ్చి కూడా వెళ్ళలేదు, నిలబడింది. "టీచరమ్మా, నిజంగానే పిల్లలందరి ముందూ అడిగారా?"

"అడిగానక్కా."

"సిగ్గెయ్యలేదూ?"

"వేసింది. చచ్చేంత సిగ్గేసింది."

గుల్సబా తల వంచుకుంది. నిసా తల్లి ముఖంలోకే చూస్తోంది. పొయ్యిలో మంట అంటుకుని మా అమ్మ దగ్గుతూ లేచి కూర్చుంది.

"అయితే నేనూ అడుగుతాను" అంది గుల్సబా. "మా పిల్లకి... మా పిల్లకి మీ పొయ్యి దగ్గర కాస్త చోటు కావాలి."

ఆ మాట పూర్తవగానే తలగుడ్డ చెంగుతో ముఖం కప్పేసుకుంది. టీచరు ఆమెని పట్టుకుంది. ఇద్దర్లో ఎవరు ఎవరిని ఓదారుస్తున్నారో చెప్పలేను.

"ఇంత ముక్క అడగడానికి ఇన్నాళ్ళు పట్టిందటే నీకు?" అని కసిరింది మా అమ్మ. కసిరి, మసి చేతులతోనే కళ్ళు తుడుచుకుంది. ముఖమంతా నల్లగా అయింది, ఎవరికీ నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున నేను నా తరగతికి ఏవో లెక్కలిచ్చి ఆ గది గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. సిగ్గు పడకుండా చెబుతున్నాను, ఆ పిల్ల వస్తుందా రాదా అని రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. పిల్లలు ఒక్కొక్కరే పిడక ఇచ్చి వెళ్ళి కూర్చుంటున్నారు. అందరి వెనకా నిసా వచ్చింది. చంకలో ఏమీ లేదు. రెండు చేతులూ ఖాళీగా వేలాడుతున్నాయి. గుమ్మంలో ఆగింది. చెప్పడానికి ఆమె దగ్గర ఏ వాక్యమూ లేదు. తరగతి తరగతంతా ఆ ఖాళీ చేతుల్నే చూస్తోంది. టీచరు పెదవి కొరుక్కుంది గాని కదల్లేదు.

జబీ పక్కకి జరిగాడు. "ఇటు రా, ఇక్కడ వెచ్చగా ఉంది" అన్నాడు.

నిసా వెళ్ళి వాడి పక్కన కూర్చుని, రెండు చేతులూ పొయ్యి వైపు చాచింది.