పాటకు పరుగు

చూపులేని ఆడపిల్లల హాస్టల్లో పెద్ద సిస్టర్‌కి కాలు ఒకచోట నిలవదు. తెల్లంగీ అంచు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని వంటగదికీ పడకగదికీ ఆమె తిరుగుతుంటే మెడలో సిలువ ఎగిరెగిరి పడుతుంది. పిల్లలకు జడలు వేస్తూ, గోళ్లు కత్తిరిస్తూ ఏదో కీర్తన పాడుతూనే ఉంటుంది. గొంతు బొంగురు. శ్రుతి ఎప్పుడూ పక్కింట్లోనే ఉంటుంది. అందుకే పాటలు నేర్పే సిస్టర్, "మీకు పుణ్యముంటుంది సిస్టర్, చర్చిలో పెదాలు కదపండి చాలు" అని దణ్ణం పెట్టేసింది. అప్పట్నుంచీ ప్రార్థనలో ఆమె పెదాలే పాడుతున్నాయి.

ఆటల పోటీనాడు పిచ్చుక అని అందరూ పిలిచే పిరికిపిల్ల మొదటిసారి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పరుగెత్తాలి. అవతలి గీత దగ్గర పెద్ద సిస్టర్ చప్పట్లు కొడుతుంటే ఆ చప్పుడు వైపు రావాలి. ఈల మోగింది. పిచ్చుక నాలుగడుగులు వేసిందో లేదో, జనమంతా హుషారెక్కి చప్పట్లు అందుకున్నారు. నలువైపులా చప్పట్లే! పిల్ల ఆగిపోయి గాలిలో చేతులు తడుముతూ, "సిస్టర్, ఎక్కడున్నారు?" అని ఏడుపందుకుంది. అంతే, సిస్టర్ గొంతు చించుకుని కీర్తన ఎత్తుకుంది. అంత వికారమైన రాగం లోకంలో ఇంకొకరికి రాదు. పిచ్చుక ముఖం విప్పారింది. బాణంలా దూసుకొచ్చి, గీత దాటి, సిస్టర్ పొట్టకు గుద్దుకుంది. ఇద్దరూ దుమ్ములో దొర్లారు.

"మళ్లీ పాడండి సిస్టర్, మళ్లీ పరుగెత్తుతా!"

సిస్టర్ జంకుతూ పాటల సిస్టర్ వైపు చూసింది.

"పాడండి తల్లీ, ఇంకా గట్టిగా పాడండి" అంటూ ఆవిడే పిచ్చుకను చెయ్యి పట్టుకుని మళ్లీ మొదటి గీత దగ్గరకు తీసుకెళ్లింది.